మనిషికొక నెంబరు

ఖాలిక్ గారంత భయస్తుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వచ్చి, వేశానో లేదోనని వెనక్కి వెళ్లి మళ్లీ లాగి చూసే మనిషి. కాలవ వంతెన మీద లారీ ఎదురొస్తుంటే అది దాటిపోయేదాకా ఇవతలే నిలబడేవారు. జీతం తీసుకునే రోజున సంతకం పెట్టే ముందు కాగితం రెండు వైపులా చూసుకునేవారు, వెనకవైపు ఏమీ ఉండదని తెలిసి కూడా. ఆస్పత్రిలో ఆయన్ని వెక్కిరించని వాళ్లు లేరు. నేనైతే మొహం మీదే వెక్కిరించేదాన్ని. ఆయన గదిలోనే ఓ మూల నా టైపు మిషను ఉండేది మరి, రోజంతా ఆ భయాలన్నీ చూస్తూ నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు.

ఆ ఆస్పత్రి బెజవాడలో బందరు కాలవ పక్కన ఉండేది. ఇప్పుడు లేదు. ఎవరో పెద్దలు ట్రస్టు పెట్టి నడిపేవారు. టౌను వాళ్లతో పాటు కంకిపాడు వైపు రైతులు, మంగళగిరి నేత పనివాళ్లు, బందరు అవతల సముద్రపు ఒడ్డు నుంచి ఎండుచేపలు అమ్ముకోవడానికి వచ్చే పల్లెవాళ్లు, అందరూ అక్కడికే వచ్చేవారు. ఖాలిక్ గారి తండ్రి వన్‌టౌన్‌లో పుస్తకాలకి బైండింగు చేసేవారట. ఈయన ఆ పనిలోకి పోకుండా నాలుగు ముక్కలు చదువుకుని, మా ఆస్పత్రిలో గుమాస్తాగా చేరారు. జిగురు, దారం, అట్ట అంటే మాత్రం చేతులకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

మొదట్లో కేసు షీట్ల సంగతి ఎవరికీ పట్టేది కాదు. నెల కాగానే అన్నీ కలిపి తాడుతో కట్టి మెట్ల కింద పడేసేవాళ్లు. ఎలుకలు తిన్నన్ని తిని మిగిలినవి వానాకాలంలో నాని ముద్దయ్యేవి. ఒకరోజు సాయంత్రం ఖాలిక్ గారు గేటు ముందు వేరుశనక్కాయలు కొనుక్కుని, తింటూ తింటూ పొట్లం విప్పి చూశారు. అది మా కేసు షీటే. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఓ గర్భిణిది. రక్తం ఎంతుందో, ఏ మందు పడుతుందో, కిందటి కాన్పులో ఏం జరిగిందో అంతా అందులో ఉంది, డాక్టరు సంతకంతో సహా. కాయలు అక్కడే పారేసి, ఆ నలిగిన కాగితం పట్టుకుని ఆయన తిన్నగా సూపరింటెండెంటు వెంకటకృష్ణారావు గారి గదిలోకి వెళ్లారు.

"ఈవిడ రేపు నొప్పులతో వస్తే మనం ఏం చూసుకుని వైద్యం చేస్తామండీ?" అన్నారు.

డాక్టరుగారు ఆ కాగితం తిప్పి తిప్పి చూశారు. "నిజమేనయ్యా. అయితే ఆ ఏర్పాటేదో నువ్వే చెయ్యి. ఒక్కటే మాట. నువ్వున్నన్నాళ్లు నడిచి, నువ్వు పోగానే ఆగిపోయే ఏర్పాటైతే నాకొద్దు" అన్నారు.

నువ్వు పోగానే అనే మాట ఈయన్ని పట్టుకుంది. ఉద్యోగం పోతుందనా, ప్రాణం పోతుందనా? రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని ఆయన భార్య దిల్షాద్ బేగం గారు తర్వాత నాతో చెప్పి నవ్వారు. ఆవిడకి నవ్వడం అలవాటైపోయింది పాపం.

కానీ పని మొదలుపెట్టాక ఆ భయమే ఆయన చేత అంతా చేయించింది. కాలవ పొంగితే తడుస్తాయని మేడ మీద గది అడిగి తీసుకున్నారు. ఎలుకలు వస్తాయని చెక్క బీరువాలు వద్దని ఇనప అరలు చేయించారు. ఒక మనిషికి ఒకే నెంబరు, ఎన్నిసార్లు వచ్చినా అదే నెంబరు, ఆ మనిషి కాగితాలన్నీ ఒకే ఫైల్లో. అరలోంచి ఫైలు తీస్తే ఆ ఖాళీలో ఒక అట్టముక్క పెట్టాలి, తీసుకెళ్లింది ఎవరో దాని మీద రాయాలి. ఏ కాగితం ఎన్నేళ్లు ఉంచాలో డాక్టర్లందర్నీ అడిగి, వాళ్లు విసుక్కుంటున్నా వదలకుండా రాయించుకుని సంతకాలు పెట్టించారు. పెద్ద డాక్టరు సంతకం లేకుండా చిత్తుకాగితం కూడా తగలబెట్టడానికి వీల్లేదు. ఎవరికైనా ఏదైనా మందు పడకపోతే ఆ ఫైలు అట్ట మీద ఎర్ర కాగితం అంటించేవారు, ఎంత తొందరలో ఉన్నవాళ్లకైనా కనబడాలని.

తనకి తెలిసిందంతా ఆయాలకీ, ఊడ్చే వాళ్లకీ కూడా నేర్పారు. అది సరిగ్గా ఒంటబట్టిందో లేదో చూడటానికి అప్పుడప్పుడూ కావాలని సెలవు పెట్టేవారు. తీరా సెలవు పెట్టి ఇంట్లో ఉండలేక, సాయంత్రానికి గేటు దగ్గర తచ్చాడుతూ కనబడేవారు. "ఫైళ్లన్నీ ఉన్నాయా చెల్లెమ్మా?" అని నన్ను అడిగేవారు. "అన్నీ కాలవలో కలిపేశామండీ" అనేదాన్ని. ఒకసారి నిజమేననుకుని మెట్లెక్కి వచ్చి చూసుకున్నారు.

రోగికి ఇచ్చే కార్డు కూడా ఆయన చేత్తోనే చేశారు. మందపాటి అట్ట, చుట్టూ గుడ్డ అంచు, పేరూ నెంబరూ. చదువురాని వాళ్లకి దాన్ని చేతిలో పెట్టి, "మీరేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఈ కార్డు తెస్తే చాలు, మిగతాదంతా మా దగ్గర ఉంటుంది" అని చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహంలో భయం ఉండేది కాదు. చూడముచ్చటగా ఉండేది.

డెబ్బై ఆరులో అత్యవసర పరిస్థితి ఉన్న రోజులు. పెద్దగా ఎవరూ మాట్లాడేవారు కాదు గానీ గుసగుసలు మాత్రం ఊళ్లు దాటి వెళ్లేవి. ఎక్కడో జీపులో వచ్చి మనుషుల్ని ఎక్కించుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నారని, ఆస్పత్రి కాగితాల్లోంచే పేర్లు తీసుకుంటున్నారని. మా దగ్గరికి అలాంటి జీపు ఏదీ రాలేదు. కానీ రాలేదని తెలిస్తే పోయే భయం కాదది. టికెట్ల కిటికీ దగ్గర పేరు అడిగితే ఆడవాళ్లు పక్కవాళ్ల మొహాలు చూసేవారు. పిల్లలెంతమంది అని అడిగితే కొందరు వెనక్కి తిరిగి వెళ్లిపోయేవారు. ఆ మధ్యాహ్నాలు వరండా ఖాళీగా ఉంటే నాకు కూడా ఏదోలా ఉండేది, అంతకుముందు జనం ఎక్కువయ్యారని విసుక్కున్నది నేనే.

అలాంటి రోజుల్లో ఒకరోజు పొద్దున్నే ఆయా వచ్చి ఖాలిక్ గారి బల్ల మీద ఒక ఫైలు పెట్టింది. అట్ట మీద ఎర్ర కాగితం ఉంది. లోపల వెంకటకృష్ణారావు గారి చీటీ. ఆ చీటీ ఖాలిక్ గారు పైకే చదివారు.

"చేతికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుని చీము పట్టింది. ఈ ఫైల్లో పెన్సిలిన్ పడదని ఉంది. ఆమె మాత్రం చీము పట్టినప్పుడు వేసే సూది బందరులో ఎప్పుడూ వేయించుకుంటానంటోంది. ఎర్ర కాగితం పొరపాటున అంటించి ఉంటే తీసేసి పంపు."

డాక్టరుగారి తప్పేమీ లేదు. ఎదురుగా మనిషి నాకు ఆ సూది పడుతుందని చెబుతోంది, కాగితం పడదంటోంది. ఏది నిజమో కనుక్కోమని పంపారు. నేనైతే ఆ కాగితం చింపేసి పంపేదాన్ని. ఖాలిక్ గారు గోరు దాని అంచు కింద పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"నేను అంటించిందేనమ్మా ఇది. నాకు బాగా గుర్తు" అన్నారు.

"ఎవరి ఫైలుకో అంటించబోయి దీనికి అంటించారేమో" అన్నాను.

ఆయన ఫైలు మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టారు. పేరు నాంచారమ్మ. రెండేళ్ల కిందట జ్వరంతో వచ్చింది. అప్పుడు తొలి చూలు, అయిదో నెల. పెన్సిలిన్ వేయగానే ఊపిరి ఆడక పడిపోయింది, అతికష్టం మీద బతికింది. తర్వాత వేరే కాగితం, ఇవాళ్టిది. ముల్లు గుచ్చుకుంది, చెయ్యి వాచింది. పిల్లలు ముగ్గురు, పెద్దవాడికి ఏడేళ్లు.

ఆయన వేలు ఆ రెండు కాగితాల మధ్యా అటూ ఇటూ తిరిగింది. రెండేళ్ల కిందట తొలి చూలైన మనిషికి ఇప్పుడు ఏడేళ్ల పిల్లాడు ఎక్కడినుంచి వస్తాడు?

"ఇందులో ఇద్దరున్నారు" అన్నారు ఖాలిక్ గారు. "మీరూ రండి చెల్లెమ్మా. ఒక్కణ్ణే వెళ్లి పరాయి ఆడమనిషిని నిలదీయలేను."

వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది ఆవిడ. ముప్పై ఏళ్లుంటాయి. ఒళ్లో వాచిన చెయ్యి, రెండో చేతిలో గుడ్డ అంచు కార్డు. మమ్మల్ని చూడగానే కార్డు కొంగు కిందకి పోయింది.

"మీ పేరేంటమ్మా?" అని అడిగారు ఖాలిక్ గారు.

"నాంచారమ్మండీ. కార్డులో ఉంది గదండీ."

"కార్డులో ఉన్నది నాకు తెలుసు. మీ పేరు చెప్పండి."

"అదేనండీ" అంది. చూపు మాత్రం గేటు వైపు పోయింది.

నేను కొంచెం గట్టిగానే అందుకున్నాను. అబద్ధం చెబితే వైద్యం చెయ్యరని ఏదో అన్నాను. ఆవిడ లేచి నిలబడింది, ఇక వెళ్లిపోవడమే తరువాయి. ఖాలిక్ గారు నన్ను ఆగమని చెయ్యి చూపించి, ఆవిడకి కాస్త దూరంగా నేల మీద గొంతుక్కూచున్నారు.

"నాకు చాలా భయంగా ఉందమ్మా. ఈ కార్డు ఎవరిదో వాళ్లకి ఒక సూది పడదు. వేస్తే ప్రాణం పోతుంది. ఆ సంగతి ఈ కార్డు తప్ప ఇంకెవరూ చెప్పరు. ఆ కార్డు మీ దగ్గరుంది. మరి ఆవిడ ఎక్కడుంది?"

ఆవిడ కొంగు కింద నుంచి కార్డు బయటికి తీసింది.

"మీరు రాసుకోనంటే చెబుతానండీ" అంది.

"రాయను. చెప్పండి."

"కార్డు మా తోడికోడలిదండీ. కార్డంటే బియ్యం కార్డులాగా ఇంటికొకటేననుకున్నాం. మా పల్లెలో అందరూ అంతే, ఒక్క కార్డు మీద ఇంటిల్లిపాదీ వస్తారు. పైగా ఇప్పుడు పేరెక్కితే పట్టుకుపోతన్నారంట గదండీ. నాకు ముగ్గురు పిల్లలు. దానికి ఒక్కడే. దాని పేరుంటే ఎవరూ అడగరని అదే నాకిచ్చింది. తీరా డాక్టరుగారడిగితే తడబడి నా పిల్లల లెక్కే చెప్పేశానండీ."

"ఆమెకి ఏ సూది పడదో ఆమెకి తెలుసా?"

"ఏదో సూదికి పడిపోయిందంటండీ అప్పుడు. ఏ సూదో మాకేం తెలుసుద్ది? ఆస్పత్రోళ్లే చెప్పారంట, మీరేం గుర్తెట్టుకోనక్కర్లేదు, కార్డు చూపిత్తే చాలని."

ఖాలిక్ గారు ఆ మాటకి తల దించుకున్నారు. ఆ మాట ఎవరిదో ఆవిడకి తెలియదు, నాకు తెలుసు.

"ఆమె ఇప్పుడు పల్లెలోనే ఉందా?" అని నేనడిగాను.

"లేదండీ, నాతోనే వచ్చింది. దానికీ గొంతు నొప్పి, జొరం. ఒక పేరు ఇద్దరం చెబితే బాగోదని మా అత్త పేరు చెప్పి కొత్త కార్డు రాయించుకుంది. కొండలమ్మని. అదుగో, సూదుల గదికాడ లైన్లో..."

ఆవిడ చూపించిన వైపు నేను చూశాను. లైన్లో ముసలాళ్లూ పిల్లలూ ఉన్నారు. పడుచు ఆడమనిషి ఎవరూ లేరు. అప్పటికే లోపలికి వెళ్లింది.

ఖాలిక్ గారు పరుగెత్తగా నేను చూడటం అదే మొదటిసారి. వరండాలో పడుకున్న వాళ్ల కాళ్లు తొక్కుకుంటూ, ఎవరో తిడుతున్నా ఆగకుండా వెళ్లి తలుపు తోశారు. వెనకాల నేను, నా వెనక వాచిన చెయ్యి పట్టుకుని ఆవిడ.

నర్సు శౌరమ్మ గారు స్టూలు మీద కూర్చున్న ఓ సన్నపాటి అమ్మాయి చెయ్యి పట్టుకుని చూస్తోంది. మోచేతికి దిగువన చర్మం కింద ఒక్క చుక్క మందు వేసి, పడుతుందో లేదో చూసి, అప్పుడు పూర్తి సూది వెయ్యడం పద్ధతి. శౌరమ్మ గారు ఆ పద్ధతి తప్పేది కాదు. చుక్క అప్పటికే వేసేసింది. నిండు సిరంజి పక్కన పళ్లెంలో ఉంది.

"వెయ్యొద్దు. ఆమెకి పడదు" అన్నారు ఖాలిక్ గారు.

శౌరమ్మ గారు కొత్త కార్డు వైపు చూసింది. "కొండలమ్మకి ఏమీ లేదే, కొత్త కేసు గదా" అంది. అంటూనే ఆ చెయ్యి వైపు మళ్లీ చూసింది. చుక్క వేసిన చోట చర్మం ఉబ్బి ఎర్రగా పాకుతోంది. ఆ అమ్మాయి గొంతు సవరించుకుంది. ఏదో చెప్పబోయింది. చెప్పలేక తోడికోడలి వైపు చూసి, ఆమె కొంగు పట్టుకోబోయి స్టూలు మీద నుంచి జారిపోయింది.

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. శౌరమ్మ గారు కేకేయడం, వెంకటకృష్ణారావు గారు పరుగున రావడం, ఏ మందు అని ఆయన అడగడం, పెన్సిలిన్ అని ఖాలిక్ గారు చెప్పడం. కారణం వెతుక్కునే పని లేకపోయింది గనక డాక్టరుగారు క్షణం ఆలస్యం చెయ్యకుండా విరుగుడుగా అడ్రినలిన్ సూది ఇచ్చారు. ఆ అమ్మాయి పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని గదిలో అందరి చెవులూ దాని మీదే ఉన్నాయి. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఖాలిక్ గారు కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. పక్కన తోడికోడలు నేల మీద కూర్చుని, "కార్డు తీసుకో నాంచారీ, నీ కార్డు నువ్వు తీసుకో" అని అంటూనే ఉంది, వాచిన చేత్తో ఆ అట్టముక్క చాపి పట్టుకుని.

ఆ చప్పుడు ఆగలేదు. మెల్లగా పలచబడి మామూలు ఊపిరైంది.

సాయంత్రానికి నాంచారమ్మ వార్డులో పడుకుని ఉంది, మనిషిలో పస లేదు గానీ ప్రాణం నిలబడింది. వెంకటకృష్ణారావు గారు ఎవర్నీ ఏమీ అనలేదు. ఖాలిక్ గారు మాత్రం మేడ మీద గదిలోకి వచ్చి అరల మధ్య నిలబడి కదల్లేదు. కొన్నివేల ఫైళ్లు, అన్నీ నెంబర్ల వరసలో, ఒక్క దుమ్ము కణం లేకుండా. వాటిని చూసి మురిసిపోయే మనిషి ఆ రోజు పామున్న గదిలోకి వచ్చినట్టు నిలబడ్డారు.

"వీటిలో ఇంకా ఎంతమంది ఇద్దరేసి ఉన్నారో చెల్లెమ్మా" అన్నారు. "గుర్తుపెట్టుకోవద్దని నేనే చెప్పాను. వాళ్లు మర్చిపోయారు."

నేను ఏదో వేళాకోళం ఆడి తేలిక చేద్దామనుకున్నాను. ఆ అరల వైపు చూసి మానేశాను.

మర్నాడు పొద్దున ఆయన కాగితాలు పట్టుకుని వార్డుకి బయల్దేరారు, నన్నూ రమ్మన్నారు. ముందు నాంచారమ్మ దగ్గర కూర్చున్నారు. కార్డు పోవచ్చు, ఫైలు దొరక్కపోవచ్చు, ఎక్కడికెళ్లినా మీ నోటితో మీరే చెప్పాలి అని, నాకు పెన్సిలిన్ పడదు అనే మాట ఆమె చేత అనిపించారు. ఆమెకి ఆ పేరు నోరు తిరగలేదు. తిరిగేదాకా అనిపించారు. ఆ రోజు నుంచి ఎర్ర కాగితం అంటించిన ప్రతి మనిషి చేతా, వాళ్లతో వచ్చిన వాళ్ల చేతా అలా అనిపించడం మా ఆస్పత్రిలో పద్ధతైంది. ఆయన పదవీ విరమణ చేశాక కూడా అది ఆగలేదు.

ఆ తర్వాత తోడికోడలి వైపు తిరిగారు. నాంచారమ్మ ఫైల్లో ఆవిడ కాగితం ఉంది, కొండలమ్మ ఫైల్లో నాంచారమ్మ కాగితం ఉంది. అవి విడదీసి ఆవిడకి వేరే ఫైలు తెరవకపోతే నిన్నటిది మళ్లీ జరుగుతుంది. తెరవాలంటే పేరు కావాలి.

"నిన్న రాయనన్నానమ్మా. ఇవాళ రాసుకోనివ్వమని అడగడానికి వచ్చాను" అన్నారు.

ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆయన వైపు చూసింది.

"రాస్తే నన్ను తీసుకెళ్లరని తమరు చెప్పగలరాండీ?"

నేనైతే చెప్పేసేదాన్ని. ఏమీ కాదులేమ్మా, అవన్నీ ఉత్తి పుకార్లని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. ఖాలిక్ గారు కలం మూత తీసి, మళ్లీ పెట్టారు.

"చెప్పలేనమ్మా" అన్నారు. "ఆ గది తాళం నా దగ్గర ఉంటుంది. అడగడానికి వచ్చేవాళ్లు ఎవరో, వాళ్లు ఏం పట్టుకొస్తారో నాకు తెలియదు. నేను మాత్రం ఇవ్వను. ఇవ్వనని మీతో చెప్పడానికి కూడా నాకు భయంగానే ఉంది."

ఆవిడ మంచం వైపు తిరిగింది. నాంచారమ్మ ఊపిరి ఇంకా కొంచెం గరగరలాడుతోంది. ఆవిడ దాన్నే వింటూ కూర్చుంది. వార్డులో ఎవరో పిల్లవాడు ఏడ్చి ఊరుకున్నాడు.

"అంకాలమ్మ. రాసుకోండి" అంది. "ముగ్గురు పిల్లలు. అదీ రాయండి."

ఖాలిక్ గారు రాశారు. ఆ కాగితం మేడ మీదికి తెచ్చి, కొత్త నెంబరు వేసి అరలో పెట్టి, గదికి తాళం వేసి, మళ్లీ వెనక్కి వెళ్లి లాగి చూశారు. నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత చాలా నెలలు, మెట్ల మీద తెలియని బూట్ల చప్పుడు వినబడితే నేను కూడా టైపు కొట్టడం ఆపి తలుపు వైపు చూసేదాన్ని.